నాలుగు పేజీల అమల

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఉపేంద్ర కొత్త వెబ్‌సైట్ చూసి ముఖం చిట్లించాడు.

"మెనూలో నాలుగు కోర్సులు పెట్టి, ఏది నొక్కినా ఒకే పేజీ వస్తుందేంటమ్మా?"

"మీరిచ్చిన నాలుగు పేజీలల్ల కోర్సు పేరొక్కటే వేరు సార్," అంది సైటు తయారుచేసిన యాదలక్ష్మి. "ఒకటే రాత నాలుగు చోట్ల పెడితే సెర్చ్‌ల ఎన్కకు పోతం. అందుకే ఒక్క పేజీ ఉంచి, మెనూల నాలుగు పేర్లు దానికే కలిపిన."

"కుదరదు. నాలుగూ విడివిడిగా కనపడాలి. సంస్థ పెద్దదనిపించాలి."

"నాలుగు పేజీలల్ల ఫొటో గూడ ఒక్కటే సార్. బ్యాంకు, రైల్వే, గ్రూప్స్, పోలీసు, నాలుగు ఉద్యోగాలు గీ అమలకే వచ్చినయని రాసిన్రు. నిజంగ ఏది వచ్చిందో చెప్తే అదొక్కటే ఉంచుత."

ఉపేంద్ర రిసెప్షన్ వైపు చూశాడు. ఆరేళ్లుగా అక్కడే ఫోన్లు ఎత్తుతున్న అమల తలెత్తింది. తన ఫొటో అన్ని చోట్ల వాడారని ఆమెకు అప్పుడే తెలిసింది.

అంతలో ఫోన్ మోగింది. ఎల్బీ నగర్ నుంచి ఎవరో తల్లి, కూతుర్ని ఏ కోర్సులో చేర్చితే ఉద్యోగం వస్తుందని అడిగింది.

"నేను నాలుగూ చదివానండి," అంది అమల నెమ్మదిగా. "ఇప్పుడు మీ ఫోన్ ఎత్తుతున్నాను."