ఖాళీ శుక్రవారం

“వీడెవడో మన కొంప ముంచేలా ఉన్నాడు వదినా!”

మరిది తన ఫోన్ తెచ్చి టైలరమ్మ కుట్టుమిషన్ మీద పెట్టాడు.

నత్తి ఉన్నవాళ్ల కోసం ఆమె ఆన్‌లైన్‌లో ఒక గ్రూప్ నడుపుతోంది. సోమవారం జోకు, బుధవారం కథ, శుక్రవారం పాట. ఎవరి గొంతుతో వాళ్లు రికార్డు చేసి పెట్టాలి. తన నత్తి పోయాక ఆమె ప్రాణంగా పెంచుకున్న గ్రూప్ అది.

అందులో ఒకాయన మాత్రం ఏనాడూ నోరు విప్పలేదు. ఆమె ఆయనకి ‘మూగనోము’ అని పేరు పెట్టింది.

“శుక్రవారం ఖాళీగా వదలండి. మాట్లాడక్కర్లేని రోజూ ఒకటుండాలి” అని రాస్తుండేవాడు.

“మాట్లాడ్డానికి పెట్టిన గ్రూపులో మాట్లాడొద్దంటాడేంటి, విడ్డూరం కాకపోతే!” అని విసుక్కునేది.

ఇప్పుడు చాటుగా అందరికీ ఫోన్లు చేస్తున్నాడట.

“మనవాళ్లని లాక్కుపోయి వేరే గ్రూప్ పెడతాడు, చూస్తూ ఉండు” అన్నాడు మరిది.

ఆమె తన ఫోన్ చేతిలోకి తీసుకుంది.

“నమ్మి చోటిస్తే గోతులు తవ్వుతాడా? ద్రోహి!”

ఒక్క మాటైనా అడక్కుండా ఆయన్ని తీసేసింది.

ఆ శుక్రవారం పాటలు రాలేదు. సోమవారం జోకులూ రాలేదు.

అందరికంటే ముందు రికార్డు పెట్టే బస్సు కండక్టర్‌కి ఫోన్ చేసింది.

“మీరూ అతని వెంట పోయారా అన్నయ్యా? ఒక్కరూ రికార్డు పెట్టలేదేం?”

“పా... పా...”

“పాటా?”

“చూశారా, మళ్లీ మాట అందించారు! పా... పాపం చేశారమ్మా అంటున్నా.”

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది.

“మీకు పంపేముందు అందరం ఫోన్‌లో ఆయనకే వినిపించేవాళ్లం. నవ్వడు. మాట అందించడు. మే... మేం తడబడితే బల్ల మీద వేలితో టక్కున కొట్టేవాడు, తొందరేం లేదు కానివ్వమని.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరు చిన్నబుచ్చుకుంటారని ఆయనే వద్దని రాశాడు. మిమ్మల్ని నమ్ముకునొచ్చాం. ద్రో... ద్రోహం చేసింది మీరమ్మా.”

ఆమె కళ్లు నిండాయి.

“ఆయన నంబరివ్వండి.”

“మార్చేశాడు. మాకూ దొరకడం లేదు.”

“ఎక్కడైనా కనిపిస్తే నన్ను నోరారా తిట్టమనండన్నయ్యా, పడతాను.”



“ఎలా తిడతాడమ్మా? క్యాన్సరొచ్చి ఆయన గొంతు ఏనాడో తీసేశారు.”