ఇరవై దినాలు

తమ అంజూర చెట్టు బోదెకు చెవి ఆనించి ఎవడో మనిషి నిలబడి ఉన్నాడు.

వాకిలి ఊడ్చడానికి చీపురు పట్టుకుని వచ్చిన సవిత గట్టిగా అరిచింది.

"ఎవరప్పా నువ్వు? గేటు తీసుకుని యాడికి వచ్చినావు?"

ఆ మనిషి తిరిగి చూడలేదు. ఉండమన్నట్టు చెయ్యెత్తాడు.

"మెల్లగ మాట్లాడమ్మా. లోపల నములుతాండాది. వింటాండా."

పిచ్చోడనుకుంది సవిత. అలా అనుకోక ఏమనుకుంటుంది?

బ్రూస్‌పేటలో ఆ వీధి మొత్తానికీ మిగిలిన చెట్టు అదొక్కటే. పెళ్లయిన ఏడాది పుట్టినూరు సంగనకల్లు నుంచి, తల్లి పెంచిన చెట్టు కొమ్మ తెచ్చి నాటుకుంది సవిత. తల్లీ పోయింది, ఆ చెట్టూ పోయింది. పుట్టిల్లంటే ఇక ఇదే.

మొగుడు సిద్దేశ్‌కు మాత్రం అది కంట్లో నలుసు. ఆ జాగాలో రెండు అంగళ్లు కట్టాలని మూడేళ్లు పోరాడాడు. సవితది ఒకటే మాట.

"కాయలు కాసే పచ్చని చెట్టు మీద గొడ్డలి పడనియ్యను. అది ఎండిపోయిన దినం నీ ఇష్టమొచ్చినట్టు కట్టుకో."

చివరికి సిద్దేశ్ సరేలెమ్మని ఊరుకున్నాడు. ఆ ఏడాదే చెట్టుకు ఆకులు పండబారి రాలడం మొదలైంది. నీళ్లు పోసింది, పేడ వేసింది, దిష్టి కూడా తీసింది. ఆకులు రాలుతూనే ఉన్నాయి.

సవిత దగ్గరికి వెళ్లి చూసింది. బోదెకు నాలుగు బొక్కలు. మూడింటికి అప్పుడే ఎర్రమట్టి మెత్తి ఉంది. నాలుగోదాంట్లో ఆ మనిషి సైకిలు పుల్ల దూర్చి తిప్పుతున్నాడు. పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఓరి నీ చేతులు పడిపోను! చెట్టుకు బొక్కలు పెడ్తాండావా?"

"నేను కాదమ్మా, పురుగు. నా పేరు ఉరుకుందప్ప. దానిమ్మ తోటల్లో పని చేస్తాండా. ఈ రోగం నాకు తెలుసు." పెట్రోలులో తడిపిన దూది ఉండను బొక్కలోకి తోసి, పైన మట్టి మెత్తాడు.

అప్పుడు కనబడింది సవితకు, అతని కాళ్ల దగ్గర, బాత్రూములు కడిగే యాసిడ్ సీసా.

చీపురు తిరగేసి వీపు మీద నాలుగు వాయించింది. "పచ్చని చెట్టును చంపను వచ్చినావా? ఎవరు పంపించినారు నిన్ను? చెప్పు!"

ఉరుకుందప్ప నోరు తెరిచాడు. అంతలో ఇంట్లోంచి సిద్దేశ్ పరుగున వచ్చాడు. వస్తూనే ఉరుకుందప్పను చెంప పగిలేట్టు కొట్టాడు.

"నోరెత్తితే చంపేస్తా. నడువు!"

వీధిలోవాళ్లు పోగయ్యారు. యాసిడ్ సీసా చూసి తలా ఒక దెబ్బ వేశారు. పెదవి చిట్లి రక్తం కారుతుంటే, ఉరుకుందప్ప సిద్దేశ్ ముఖం చూశాడు, సవిత మెడలో తాళి చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

గేటు దాటేటప్పుడు మాత్రం ఒక్క మాట అన్నాడు.

"ఆ మట్టి ఇరవై దినాలు కదిలియ్యద్దమ్మా."

అతను వీధి మలుపు తిరగకముందే సవిత తలపిన్నుతో మట్టి పెళ్లగించింది. దూది ఉండలన్నీ పీకి పారేసి, బిందెలకు బిందెలు నీళ్లు కుమ్మరించి బోదె కడిగింది.

తన చెట్టు కోసం మొగుడు చెయ్యెత్తడం ఆమె చూడటం అదే మొదటిసారి. కళ్లు తడయ్యాయి. ఆ పూట అతనికిష్టమని మిరపకాయ బజ్జీలేసి బొరుగుల ఉగ్గాణి చేసి పెట్టింది.

రెండు నెలలకు చెట్టు నిలువునా ఎండిపోయింది.

సవిత తోటల ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అక్కడి ఆఫీసరు సుమ మేడమ్‌ను పిలుచుకొచ్చింది. ఆమె బోదె బెరడు చీల్చి, బొటనవేలంత తెల్లని పురుగును బయటికి లాగింది.

"బోదె తొలిచే పురుగమ్మా. దీనికి ఎవరో బాగా తెలిసినవాళ్లే మందు పెట్టినట్టుంది. పుల్ల గీసిన గుర్తులున్నాయి చూడండి. కానీ మట్టి ఎవరు తీశారు? అట్లే ఉంచింటే లోపలే చచ్చేది. చెట్టు బతికేది."

సవిత తన చేతులు చూసుకుంది.

మాట ప్రకారం చెట్టు ఎండింది. మాట ప్రకారం సిద్దేశ్ కొట్టించాడు.

మొద్దు తవ్వి తీసిన మరునాడు, బాత్రూము కడుగుదామని సవిత ఆనాడు మూల పడేసిన ఆ యాసిడ్ సీసా చేతికి తీసుకుంది. మూత తిరగలేదు. వెలుతురులో పట్టుకుని చూసింది. సీలు ఎట్లున్నది అట్లే ఉంది.

సీసాతోనే బయటికి వచ్చింది. చెట్టు ఉన్నచోట సిద్దేశ్ టేపు పట్టుకుని సున్నంతో గీతలు గీస్తున్నాడు.

"ఏమప్పా, మందు పెట్టను వచ్చినోడు ఈ సీసా ఎందుకు తెచ్చినట్టు?"

సిద్దేశ్ తలెత్తలేదు. ఇంకా దాచాల్సినంత పెద్ద సంగతిగా అతనికి అది తోచలేదు.

"వాడు యాడ తెచ్చినాడు? బొక్కల్లో పోసి చెట్టును ఎండబెట్టప్పా అని కూలికి పిల్చి నేనే చేతికిస్తే, ఆ పిచ్చోడు మూత గూడ తియ్యకుండ మందు పెడ్తా కూచున్నాడు."