రెండు చోట్లా అతనే

“ఆగిపోయిందట! యుద్ధం ఆగిపోయిందట!”

ఆమె ఫోను చెవిన పెట్టుకునే గిర్రున తిరిగింది. తీగ నడుముకు చుట్టుకుంది. కుట్టుమిషను మీది కర్టెన్ గుడ్డ జారి కిందపడింది.

అటువైపు మాట్లాడుతున్నది పెద్దక్క. ఐదుగురు అతీతశక్తుల జట్టుకి ఆవిడే నాయకురాలు. ఒంటిచేత్తో ఓడను ఆపగల మనిషి. చంద్రుడి అవతల నుంచి వస్తున్న గొంతు కాబట్టి ఆగి ఆగి వినిపిస్తోంది.

“ఔనే పిల్లా! నీలి సామ్రాజ్యం వాళ్లూ, రాగి సామ్రాజ్యం వాళ్లూ సంతకాలు పెట్టేశారు. మన చంద్రుడి పక్క దారి ఇద్దరికీ సమానమట. ఆ ముక్కేదో నెల కిందటే అనుకుని ఉంటే మాకీ నడుం నొప్పులు ఉండేవి కావు. రేపు పొద్దున పదింటికి మైదానంలో దిగుతాం. మీ ఆయన్ని భద్రంగా అప్పజెప్పేస్తా.”

“మా ఆయన ఇక్కడే ఉన్నాడు కదక్కా!” ఆమె పకపకా నవ్వింది.

“సరేలేవే, లైను తెగేలా ఉంది” అని పెద్దక్క హడావిడిగా పెట్టేసింది.

కిటికీకి కర్టెన్ తగిలిస్తున్న మొగుడు స్టూలు దిగాడు.

“విన్నావా? పెద్దక్కకి నువ్వైనా, నీ నకలైనా ఒకటే!”

“విన్నాను” అన్నాడతను. నవ్వాడు కూడా, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా.

జట్టులో అతని విద్య అదే. తనలాంటి మనిషిని ఇంకొకణ్ని పుట్టించగలడు. పెళ్లికి ముందు ఒకసారి సినిమాహాలు దగ్గర ఆమెకు చూపించాడు. గడ్డం మీది పుట్టుమచ్చతో సహా ఇద్దరూ ఒకటే. నకలు క్యూలో నిలబడి టిక్కెట్లు తెచ్చాడు. అసలు మనిషి చేయి తగలగానే సబ్బు బుడగలా మాయమయ్యాడు. నకలుకి ఉండేది సగం బలమే. నకలు చూసిన సంగతులు అసలు మనిషికి ఎవరైనా చెబితే తప్ప తెలియవు.

పెళ్లయిన పన్నెండో రోజున జట్టుకి పిలుపొచ్చింది. రెండు సామ్రాజ్యాల ఓడలు ఆకాశంలో కొట్టుకుంటుంటే, ఆ నిప్పులు మన నెత్తిన పడకుండా మధ్యలో నిలబడాలి. ఆమె ఆ రోజంతా ఏడ్చింది. చివరికి అతనే దారి చూపించాడు. “నకలు వెళ్తాడు. నేను ఇంట్లో ఉంటాను.”

ఆ నెల ఇట్టే గడిచిపోయింది. ఇద్దరూ కలిసి తలుపులకు పసుపు రంగు వేశారు. రోజూ గోడ దూకి వచ్చే పిల్లికి ఏం పేరు పెట్టాలా అని మూడు రోజులు పోట్లాడుకున్నారు. కొరత ఒక్కటే. బస్సును ఎత్తగలిగే మనిషి బీరువా జరపడానికి ఆయాసపడ్డాడు. ఒళ్లు నొప్పులంటూ ముందుగదిలో సోఫా మీదే పడుకున్నాడు. నకలు దూరంగా ఉంటే అంతేనన్నాడు.

“రేపటి నుంచి నీ వంకలేవీ చెల్లవు” అందామె, గుడ్డ దులుపుతూ. “ముందు ఆ బీరువా మూలకి జరపాలి. ఒంటిచేత్తో.”

“చిత్తం.”

“సోఫా ఎవరికైనా ఇచ్చేస్తా.”

“నీ ఇష్టం, మహారాణీ.”

ఆమె మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించబోయి ఆగింది.

“పాపం కదూ?”

“ఎవరు?”

“నీ నకలు. నెల రోజులు నిప్పుల మధ్య నిలబడ్డాడు. రేపు వచ్చీ రాగానే నీ చేయి తగిలి మాయమైపోతాడు. ఒక్కపూట సుఖపడిందీ లేదు.”

“సుఖపడలేదని నీకెలా తెలుసు?”

“నిప్పుల్లో సుఖమేంటి, నీ మొహం!” అని విసుక్కుంది. మళ్లీ మెల్లగా అడిగింది. “నొప్పి పుడుతుందా?”

“పుట్టదనుకుంటా.”

“మరి భయం?”

అతను దారపుండ చేతిలోకి తీసుకుని, వదులైన పోగును నిదానంగా చుట్టాడు. “ఇష్టమైనవాళ్లు దగ్గరుంటే ఉండదేమో.”

“అయితే నేనే ముందు వెళ్లి అతని చేయి పట్టుకుంటా. మా ఆయన్ని ఇంట్లో ఉండనిచ్చావు, నీ మేలు మర్చిపోనని చెబుతా. అంతవరకూ నువ్వు ఆమడ దూరంలో నిలబడాలి. తొందరపడ్డావో, చంపేస్తా!”

“తొందరేం లేదు. ఎంతసేపైనా నిలబడతా.”

“ఏదైనా చేసి పట్టుకెళ్దామా? అతనికేం ఇష్టం?”

“ఇలా నీ పక్కన కూర్చుని, నువ్వు కుడుతుంటే ఆ చప్పుడు వింటే చాలనుకుంటాడు.”

“ఇంత మిషను మైదానం దాకా మోసుకెళ్లాలా? బాగానే ఉంది వరస!” ఆమె నవ్వుతూ తొక్కడం మొదలుపెట్టింది. కర్టెన్ అంచు పూర్తయ్యేదాకా అతను కదల్లేదు. ఆ తర్వాత లేచి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చాడు. సాయంత్రపు ఎండ నేల మీద చాపలా పరుచుకుంది. ఇద్దరూ అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు.

“రేపు తొమ్మిదింటికే బయల్దేరదాం” అన్నాడతను. “ఓడ తలుపు తెరవగానే నువ్వు పరుగెత్తు. చేయి పట్టుకుని, ఈ నెల రోజులూ మనం ఏమేం చేశామో అతనికి చెప్పు. నవ్వుకున్నవి ముందు చెప్పు. ఒక్కటీ వదలకు.”

“చెప్పడానికేం, బోలెడున్నాయి. కానీ కాసేపట్లో మాయమైపోయే నకలుకి అవన్నీ ఎందుకు?”

అతను టీ చివరి గుక్క వరకూ తాగి, కప్పు కింద పెట్టాడు.

“వెళ్లింది నకలు కాదు.”