చెంచా చప్పుడు

పక్కగది పెద్దావిడ మళ్లీ పళ్ళెం వెనక్కి పంపేసింది.

గోడకు చెవి ఆనించి వింటున్న ఆపరేటరమ్మకు గుండె జారిపోయింది. అటువైపు నర్సు బతిమాలుతోంది. పెద్దావిడది ఒకటే మాట.

"మా అమ్మాయి ఫోన్ చేస్తుంది. చేశాకే తింటాను."

"ఎప్పుడు చేస్తుందమ్మా?"

"చేసినప్పుడు."

పెద్దావిడ ఈ వృద్ధుల హోముకు కొత్త. ఆపరేటరమ్మ పాత. ఇక్కడ తిండి మానేస్తే ఏమవుతుందో పాతవాళ్లకు తెలుసు. పై అంతస్తుకు తీసుకెళ్తారు. అక్కడ మంచాలకు కటకటాలుంటాయి, ముక్కులో గొట్టాలుంటాయి. లిఫ్టులో పైకి వెళ్లినవాళ్లు తిరిగి నడిచొచ్చింది ఆపరేటరమ్మ ఒక్కసారీ చూడలేదు.

అంతకుముందు ఆ గదిలో ఉన్న స్నేహితురాలూ అలాగే వెళ్లింది. "ముక్కలు కలిపి ఉంచు, వచ్చి ఆడతా" అని నవ్వుతూ లిఫ్టెక్కింది. ఆ పేకముక్కలు ఆపరేటరమ్మ కిటికీలో ఇంకా అలాగే ఉన్నాయి. అప్పట్నుంచీ ఆవిడకు ఏదీ సయించడం లేదు. పళ్ళెం మీద మూతైనా తియ్యదు. పెద్దావిడ మీదున్న బెంగలో తన సంగతి తనకే పట్టలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే చేసింది గనక అందరూ ఆపరేటరమ్మ అనేవాళ్లు. ఎవరెవరి గొంతులనో ఎవరెవరికో కలిపింది. తన గొంతు కోసం ఎదురుచూసేవాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు.

ఇంకొకరు ఆ లిఫ్టెక్కితే తట్టుకోలేననుకుంది. మర్నాడు సాయంత్రం భోజనాలు గదులకు రాగానే తలుపు గడియపెట్టింది. గది ఫోన్ తీసింది. తువ్వాలు మడతపెట్టి నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కగది నంబరు నొక్కింది.

"అమ్మా, నేనే."

అవతల ఉలుకూ పలుకూ లేదు. దొరికిపోయాననుకుంది.

"ఎవరూ? గట్టిగా చెప్పు తల్లీ, నా చెవులు వినపడి చావవు."

హమ్మయ్య! చెవిటి మాలోకం. బతికిపోయాను.

"నేనేనమ్మా, నీ కూతుర్ని. అన్నం తిన్నావా?"

"నువ్వు తిన్నావా?"

"ఆఁ, ఇప్పుడే."

"అబద్ధం. నీ గొంతులోనే ఉంది నీరసం. నువ్వు తింటేనే నేను తింటా. ఫోన్ పెట్టకుండా పళ్ళెం దగ్గరికి లాక్కో."

"లైన్లో ఉండండి," అనేసి ఆపరేటరమ్మ నాలిక్కరుచుకుంది.

"అమ్మ దగ్గర కూడా ఆఫీసు మర్యాదలేనా?"

ఆపరేటరమ్మ గబగబా మూత తీసింది. ఖాళీ చెంచా నోట్లో పెట్టుకుని నములుతున్నట్టు చప్పుడు చేసింది.

"చెంచా పళ్ళేనికి తగల్లేదే?" అంది పెద్దావిడ.

తప్పలేదు. ఒక్క ముద్ద. కళ్లనీళ్లతో పాటు మింగింది. గోడ అవతల ఇంకో చెంచా కదిలిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనన్న భయంతో ఇంకో ముద్ద తింది. అది ఆగలేదు. ఇదీ ఆపలేదు.

ఇక రోజూ అదే తంతు.

"కూరలో ఉప్పెక్కువైందమ్మా."

"వంకలు పెట్టకుండా తిను. పెరుగు వదిలేశావో, ఊరుకోను!"

పగలు వరండాలో ఎండకు కూర్చున్నప్పుడు పెద్దావిడ గొప్పలు పోయేది. "మా అమ్మాయి మళ్లీ ఫోన్ చేసిందోయ్! తిండి మీద ధ్యాసే లేదు దానికి. మొండిఘటం. దగ్గరుండి తినిపించాల్సొస్తోంది."

"అలాగా అక్కయ్యా," అనేది ఆపరేటరమ్మ, తలెత్తకుండా.

కానీ లోపల ఒకటే కొరుకుడు. అసలు కూతురు ఎక్కడో ఉంది. ఈ దొంగ ఫోన్ల మూలాన ఈవిడ ఆ పిల్లను పిలిపించమని ఎవర్నీ అడగడమే లేదు. రేపేదైనా అయితే తల్లీకూతుళ్లను కడచూపుకు కూడా దూరం చేసిన పాపం ఎవరిది?

ఆ రేపు రానే వచ్చింది.

సాయంత్రం పక్కగదిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆపరేటరమ్మ రిసీవర్ అలాగే వదిలేసి, గోడ పట్టుకుని బయటికొచ్చింది.

లిఫ్టు ముందు చక్రాల మంచం. దాని మీద పెద్దావిడ, ముక్కుకు ఆక్సిజన్. డొక్కలు ఎగరేస్తోంది.

"పక్కకు జరగండి పెద్దమ్మగారూ, పైకి తీసుకెళ్లాలి," అంది నర్సు.

"జరగను!" ఆపరేటరమ్మ మంచం చువ్వ రెండు చేతులా పట్టేసుకుంది. "ముందు ఈవిడ కూతురికి కబురు చెయ్యండి. అసలు కూతురికి!"

నర్సు అయోమయంగా చూసింది. ఆపరేటరమ్మ పెద్దావిడ మీదికి వంగింది.

"అక్కయ్యా, నన్ను క్షమించు. రోజూ నీకు ఫోన్ చేసింది మీ అమ్మాయి కాదు. నేను. నువ్వు కూడా పైకి పోతావని భయమేసి అంత పని చేశాను. తిట్టు, కొట్టు, తర్వాత చూసుకుందాం. ముందు ఆ పిల్ల నంబరు చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా. ఏ మూలనున్నా లైను కలుపుతాను. ఒక్కసారి దాని గొంతు విని వెళ్లు."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. పెద్దావిడ ఆక్సిజన్ గొట్టం పక్కకు తప్పించింది.

"నాకు కూతురెక్కడిదే పిచ్చిదానా, పిల్లలే పుట్టలేదు, గోడవతల నువ్వు వింటున్నావనే ఆ కూతురి మాట ఎత్తాను," అంది ఆయాసపడుతూ, "నేనొచ్చిన రోజునుంచీ నువ్వు మూత తియ్యని పళ్ళేలు నా గుమ్మం ముందునుంచే వెనక్కి పోతుంటే ఎంతని చూస్తూ ఊరుకోను, ఇంతకీ ఇవాళ అన్నం తిన్నావా లేదా?"