నోరు మూసిన ట్రాకు

అత్తయ్య మైకు ముందు కూర్చుని చదువుతుండగానే, ఆవిడ వీపు వెనకనున్న రాతబల్ల సొరుగు తెరవాలని మేనల్లుడు నిశ్చయించుకున్నాడు. చదవడం మొదలుపెడితే ఆవిడ ఇల్లు అంటుకున్నా తల తిప్పదు. అంతకంటే మంచి అదను దొరకదు.

సొరుగులో ఉన్నవి ఆరు కాగితాలు. ఆవిడ రాసి, తన ఆడియో ఛానెల్లో తానే చదివి వినిపించే అపరాధ పరిశోధన సీరియల్లో చివరి భాగం. జడ్జిగారిని చంపిందెవరో తెలియక పదకొండు నెలలుగా శ్రోతలు కొట్టుకు చస్తున్నారు. ఆ పేరు వారం ముందుగా చేరవేస్తే శబ్ద విభాగానికి నిన్నే పెద్దను చేస్తామని అవతలి ఛానెల్ వాళ్ళు అతనికి మాటిచ్చారు.

అతని కడుపుమంటకు కారణం లేకపోలేదు. మైకు అమర్చేది అతను. ఆవిడ గొంతును కడిగి ఆరబెట్టేది అతను. వాన చప్పుడూ అడుగుల చప్పుడూ పుట్టించేదీ అతనే. ప్రతి భాగం చివరా వినిపించేది మాత్రం, "సహకారం: మా మేనల్లుడు." అంతే, పేరైనా ఉండదు. అలక దొంగతనానికి సాకు కాదు. అలిగినవాడికి ఆ సంగతి తోచదు.

పైగా వంకలొకటి. మొన్నటికి మొన్న, దొంగ సొరుగు తెరిచే చప్పుడు కావాలని అదే సొరుగును అతనిచేత తొమ్మిదిసార్లు తెరిపించింది.

"ఇది తాళాలు మొల్లో దోపుకున్న ఇంటాయన చప్పుడురా. దొంగది కాదు."

"సొరుగు సొరుగే కదత్తయ్యా. ఎవరు తెరుస్తున్నారో దానికేం తెలుసు?"

"దానికి తెలుసు. నీకే తెలీడం లేదు."

సొరుగు కిర్రుమంటుందన్న ఒక్క సంగతి మాత్రం అతనికి బాగా తెలిసింది. అందుకే ఆదివారం ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు దానికి కుట్టుమిషను నూనె పట్టించాడు.

మంగళవారం రికార్డింగు నొక్కి, చెప్పులు విడిచి, హాల్లోని కంప్యూటరు ముందునుంచి పిల్లిలా లేచాడు. గోడలకు దుప్పట్లు వేలాడదీసిన గదిలో ఆవిడ పన్నెండో పేజీలో ఉంది. ఊపిరి బిగబట్టి సొరుగు లాగాడు.

కిర్రుమంది. నూనె తాగిన సొరుగు పాత బండి బ్రేకులా అరిచింది.

ఆవిడ వేలు వాక్యం కింద నడుస్తూనే ఉంది. అతను ఫోనుతో ఆరు ఫొటోలు తీసుకుని, సొరుగు మూసి, హాల్లోకి వచ్చి కూలబడ్డాడు.

మైకు అంతా వినే ఉంటుంది. అయినా అతనికి కంగారు లేదు. చప్పుడును చంపడమే అతని విద్య. ఫలానాది చప్పుడని ఒక నమూనా చూపిస్తే, గొంతు అడుగునుంచి దాన్ని ఏరిపారేసే పనిముట్టు అతని సాఫ్ట్‌వేరులో ఉంది. రోజూ ఫ్యాను హోరును చూపించేవాడు. ఇవాళ కిర్రును, అడుగులను, ఊపిరిని చూపించాడు. 'తీసేసినది మాత్రమే వినిపించు' అన్న గడిలో టిక్కు పెట్టి విన్నాడు. అత్తయ్య గొంతు మాయమైంది. మిగిలింది తాను, తన దొంగతనం. టిక్కు తీసి, శుభ్రమైన గొంతును భద్రపరిచి, అసలు ట్రాకును ఆనవాలు లేకుండా చెరిపేశాడు. ఆ టిక్కు తీయడం మరిచి కొంప ముంచుకునేవాళ్ళు ఉంటారు. అతను మరవలేదు.

తెర మీద, ఆ గొంతు ట్రాకు కింద, 'నుయ్యి' అనే ఇంకో ట్రాకు ముడుచుకుని ఉంది. ఒకే గొంతును రెండు దారుల్లో పంపవచ్చునని, ఒక దారిలో ఉన్నదున్నట్టు, రెండో దారిలో నూతిలోంచి దయ్యం పలికినట్టు చేయవచ్చునని ఆవిడకు నేర్పింది అతనే. ఈ భాగంలో దయ్యం లేదు గనుక పొద్దున్నే దాన్ని మ్యూట్ చేశాడు. ఇక దాని జోలికి పోలేదు.

శుక్రవారం అవతలి ఛానెల్ ఊరంతా చాటింది: జడ్జిగారిని చంపింది తోటమాలి.

"ఎవరో చెప్పేశారత్తయ్యా," అన్నాడు అతను, గొంతులో తగినంత విచారం కలిపి.

"తోటమాలా? పాపం, వాడికి మోకాళ్ళ నొప్పులు కదరా. మేడ మీదికి ఎలా ఎక్కుతాడు?"

"మీరే కదా రాసింది," అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ విననట్టే చేతిసంచీలోంచి మడత కాగితాలు తీసింది. "అవి నీకోసం రాసినవి. శ్రోతలకోసం రాసినవి ఇవి. రా, చివరి భాగం పని చూద్దాం."

శబ్ద విభాగపు పెద్ద కుర్చీ కాలు విరిగిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, అతని కుర్చీలో కూర్చుని, మంగళవారపు ఫైలు తెరిచి 'నుయ్యి' మడత విప్పింది.

"మ్యూట్ చేసిన ట్రాకు పైకి వినబడదంతే, లోపల రికార్డు చేసుకుంటూనే ఉంటుంది. ఇది కూడా నువ్వు చెప్పిన పాఠమే."

మ్యూట్ తీసింది. ఆవిడ గొంతు వెనక, నూతి అడుగునుంచి వస్తున్నట్టు, ఉత్తపాదాల అడుగులు. కిర్రు. ముక్కులో కొట్టుకుంటున్న ఊపిరి.

"తప్పైపోయిందత్తయ్యా," అతను తల వంచుకున్నాడు. "ఇంట్లోంచి పొమ్మంటే పోతాను."

"నోరు మూసుకో, మధ్యలో మాట్లాడకు." ఆవిడ కళ్ళు మూసుకుని ఆ కిర్రును మళ్ళీ విన్నది. "దీనికి సహకారం అంటే సరిపోదు. 'దొంగ చప్పుడు' అని చెప్పి, నీ పేరు ఇంటిపేరుతో సహా చదువుతాను."

అతను తలెత్తాడు. "ఆ సొరుగుకి... నేను నూనె పెట్టానత్తయ్యా."

"ఆదివారమే వాసన కొట్టింది, తుడవడానికి అరగంట పట్టింది," అంది ఆవిడ. "తొమ్మిదిసార్లు అడిగితే రాని చప్పుడు, పదోసారి అడక్కుండానే ఇచ్చావు."