దువ్విన ఇసుక

“ఇదేనా నువ్వు దువ్విన బంకరు?” మేనేజరు గొంతు గోల్ఫు మైదానమంతా వినిపించింది.

అన్నదమ్ముల్లో పెద్దవాడు గుంటలోకి తొంగిచూశాడు. ఆటగాళ్ల బంతులను మింగడానికి కావాలని తవ్విన ఆ తెల్ల ఇసుక గుంటను తెల్లవారగానే దంతెతో దువ్వాడు. వెనక్కి నడుస్తూ, తన అడుగులు తనే చెరుపుకుంటూ గట్టెక్కాడు. ఇప్పుడు చూస్తే నట్టనడుమ ఎవరివో వట్టికాళ్ల గుర్తులు! అవతల పోటీ ఆడేవాళ్లు వచ్చేశారు కూడా.

“మొన్నా ఇంతే, నిన్నా ఇంతే. మీ అన్నదమ్ముల్లో ఒక్కణ్ణే ఉంచుతానని ముందే చెప్పాను. ఇక నువ్వు వెళ్లు. మీ తమ్ముడు చూసుకుంటాడు.”

ఉన్న ఉద్యోగం కాస్తా ఊడింది. పెద్దవాడు దంతె విసిరేసి, పక్క గుంట దగ్గరున్న తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు.

“కడుపులో కత్తులు పెట్టుకుని అన్నా అన్నా అంటావురా!”

“నీ మీద ఒట్టన్నా, నేనటు రానే లేదు!”

“బూట్లు విప్పి నడిస్తే తెలీదనుకున్నావా? దెయ్యాలు తిరిగాయా మరి?”

రోజూ లాగే పొద్దున్నే ఇద్దరికీ క్యారియరు తెచ్చి చెట్టు కింద కూర్చున్న అమ్మ పరుగున వచ్చి మధ్యలో దూరింది.

“వదలరా! వాడు ఆ గుంటలో కాలే పెట్టలేదు. నేను చెప్తున్నాగా!”

“నువ్వెప్పుడూ వాడి వైపేగా!”

పెద్దవాడు అన్నం ముట్టకుండా ఇంటికి వచ్చేశాడు. తమ్ముడి బట్టలన్నీ మూటగట్టి గుమ్మం బయట పారేశాడు. తోడబుట్టినవాడట, తోడబుట్టినవాడు! పగవాడైనా ఎదురుగా వచ్చి కొడతాడు.

కాసేపటికి అమ్మ కుంటుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది.

“నువ్వు గట్టోడివి నాన్నా, ఎక్కడైనా బతుకుతావు. వాడలా కాదు. వాణ్ణేమీ అనకురా,” అని కళ్లు తుడుచుకుంది.

ఎంత కోపమున్నా తల్లి తల్లే. నమ్ముకోవడానికి ఇక మిగిలింది ఈమె ఒక్కతే అనుకుంటే పెద్దవాడికి ఏడుపొచ్చింది. నొప్పుల మందు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

“కాలు ఇటియ్యి, రాస్తాను.”

“వద్దురా, అదే తగ్గుతుంది!” అమ్మ పాదం వెనక్కి లాక్కుంది.

“ఊరుకోవే,” అంటూ అతను బలవంతంగా చెప్పు తీశాడు.

వేళ్ల సందుల్లో తెల్లటి ఇసుక.