అటువైపు మోడెం

“ఫోన్ ఎత్తావా?” హాల్లోంచి భర్త గొంతు వినిపించింది.

ఆదివారం మధ్యాహ్నం. పడకగదిలో ఆమె ఇంకా రిసీవరు చెవికి ఆనించుకునే ఉంది. అందులో మనిషి మాట లేదు. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒకటే మోత. అంతలో అదీ ఆగిపోయింది.

“ఎత్తాను. ఏం, ఎత్తకూడదా?”

“ఆడుతుంటే ఎత్తొద్దని చెప్పాను కదా. లైను తెగిపోయింది.”

“అటువైపు ఎవరో చెప్పండి, ఎత్తను.”

“ఎవరో ఒకరు. ఆట తెలిసినవాళ్ళు,” అని అతను కుర్చీ అటు తిప్పుకున్నాడు.

అతనిది పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే పని. రాత్రి డ్యూటీ కనుక మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాడు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేసి “తిన్నారా?” అని అడగడం ఆమెకు అలవాటు. కంప్యూటరుకు మోడెం తగిలించిన దగ్గర్నుంచీ ఎప్పుడు చేసినా ఎంగేజ్డే.

రెండిళ్ళ కంప్యూటర్లను ఆ మోడెం పెట్టెలతో ఫోన్ లైను మీద కలిపి, కొండకు చెరోవైపు ట్యాంకులు పెట్టుకుని పేల్చుకునే ఆట అది. ఆడితే ఆడుకున్నాడు. ఆటకు కూర్చునే ముందు తల దువ్వుకోవడం దేనికి? రోజూ ఓడిపోయి, ఈల వేసుకుంటూ లేవడం దేనికి? క్యారమ్స్‌లో ఆమె ఒక్క ఆట గెలిస్తే రెండు రోజులు ముఖం మాడ్చుకునే మనిషి.

మంచినీళ్ళ నెపంతో ఆమె హాల్లోకి వచ్చింది. లైను మళ్ళీ కలిసినట్టుంది. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

“దానికి తెలిసిందా?” అని అటునుంచి.

“లేదండీ,” అని ఇతను.

“తెలియనివ్వకు. దాని దగ్గు తగ్గిందా?”

వెనుక అడుగుల చప్పుడు విని అతను ఏదో మీట నొక్కాడు. తెర నల్లబడింది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇతనేమో ‘అండీ’ అంటున్నాడు. అటువైపు మనిషికి మాత్రం తాను ‘అది’. పైగా తన దగ్గు గురించి ఆరా ఒకటి. తగ్గకపోతే పీడా వదులుతుందని కాబోలు.

పుట్టింటికి వెళ్ళి చెప్పుకుందామా అంటే ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. ఇతన్ని చేసుకుంటానన్న రోజున నాన్న, “ఇక మీ ఇద్దరిలో ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు” అన్నాడు. ఒట్టు తప్పే మనిషి కాదు. అమ్మ ఆయనకంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. అందరినీ కాదనుకుని పట్టుకున్న చెయ్యి ఇది. ఇదీ జారిపోతే ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలియదు. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

మర్నాడు క్లినిక్‌కి ప్రింటరు బాగుచేయడానికి కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. ఇంట్లో మోడెం పెట్టింది కూడా అతనే.

“అటువైపు మోడెం కూడా మీరే పెట్టారా?” అని అడిగింది.

“నేనే మేడమ్. రెండు వైపులా స్పీడు ఒకటే పెట్టాలి. లేకపోతే ఒకరు చెప్పేది ఒకరికి అర్థం కాదు, కొత్త దంపతుల్లాగా.”

ఆమె నవ్వలేదు. “ఎవరిల్లు అది?”

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. “సార్ చెప్పొద్దన్నారు మేడమ్.”

“తలుపు తీసింది ఆడమనిషేనా?”

“ఆవిడే. మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఇంక నన్నేమీ అడక్కండి.”

“ఒక్కటే చెప్పండి. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు మోడెం తీసేసి నేనెత్తితే ఏమవుతుంది?”

“వాళ్ళ మోడెంకి స్పీకరుంది కదా, మీరన్నది ఇల్లంతా వినపడుతుంది,” అనేసి నాలుక కరుచుకున్నాడు.

“వినపడనీ,” అంది ఆమె.

తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. అతను అప్పటికే తల దువ్వుకుని కూర్చున్నాడు.

“ఇస్త్రీపెట్టె వేడెక్కడం లేదు. బాగుచేయించుకు రండి.”

“సాయంత్రం వెళ్తాలే.”

“రేపటికి నాకు బట్టల్లేవు. ఇప్పుడే వెళ్ళండి.”

అతను గడియారం వైపు చూశాడు, కంప్యూటరు వైపు చూశాడు. చివరికి ఆమె ముఖం చూసి, బుద్ధిగా ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని వెళ్ళాడు.

ఆమె మోడెం నుంచి తీగ లాగి ఫోనుకు గుచ్చింది. ఎక్కువసేపు కాచుకోనక్కర్లేకపోయింది. ఫోన్ మోగింది.

“మోడెం కాదు, నేను,” అంది ఎత్తగానే. “మీరు రోజూ ‘అది, అది’ అంటున్నారే, ఆ మనిషిని. నా దగ్గు తగ్గింది. ఇప్పట్లో పోను.”

లైను తెగలేదు. వింటున్నారని ఆమెకు తెలుస్తూనే ఉంది.

“దొంగచాటుగా మాట్లాడుకోవడానికి మీకు ఆటొకటి దొరికింది. ఈయన కోసం నేనేం వదులుకున్నానో మీకు తెలుసా? కన్నవాళ్ళను వదులుకున్నాను. మా గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా వాళ్ళేనేమోనని ఈరోజుకీ చూస్తాను. వాళ్ళెలాగూ రారు. ఉన్న ఈ ఒక్క మనిషినీ మీరు లాక్కుంటే నేనెక్కడికి పోవాలి? మాట్లాడరేం? నోరు పడిపోయిందా?”

మెల్లగా కడిగేయాలనుకుని మొదలుపెట్టింది గానీ, చివరికి వచ్చేసరికి గొంతు పగిలేలా అరుస్తోంది. కళ్ళు తుడుచుకోవడానికి ఆగింది.

అటువైపు ఎవరో రిసీవరు ఎత్తిన చప్పుడైంది. గొంతు సవరించుకోవడం.

“మెల్లగా తిట్టమ్మా, మీ అమ్మ లేస్తుంది.”